పదిహేడో ఎలుక

చౌటుప్పల్ దాటినంక హైవే లారీల వెలుగు
మా ల్యాబు అద్దాల మీద పాక్కుంట పోతది.
రాత్రి పదకొండుకు నేను
ఇసుకరేణువంత రెసిన్ పూసకు
మొదటి అమైనో ఆమ్లాన్ని తగిలిస్త.
కడుగుత. ముసుగు తీస్త.
రెండోది.
కడుగుత. ముసుగు తీస్త.
పదిహేను, వరుస తప్పకుండ.
నడుమ ఒక్కటి జారిందా
దండ మొత్తం పారబోసుడే.

గాయం తనలో తాను చేసుకునే సైగ ఏదో ఉన్నదంట,
దాన్ని బయట కూసోని నకలు రాస్తున్నమని
సారు మొదటిరోజు చెప్పిండు.
తెల్లారేసరికి సీసా అడుగున
బూరుగుదూది తునకంత తెల్లది మిగులుతది.
దాని మీద చీటీ అతికించేది నేనే:
పరిశోధనకు మాత్రమే. మనుషులకు కాదు.

మా నాయిన లింగస్వామి గౌడు
మనుషుల లెక్కల్నే వస్తడు.
మొన్న మాఘంల గుజి తెగి
తాటిచెట్టు సగం ఎత్తు కాన్నుంచి పడ్డడు.
బొక్క ఇరగలే, అదృష్టమన్నరు అందరు.
మడమ ఎనుక నరం మాత్రం
తడిసిన మోకు పురి విడ్డట్టు విడిపోయింది.
(నా పుస్తకంల స్నాయువు. మా ఊర్ల నరమే.)
నల్గొండ పెద్దాసుపత్రిల కుట్టిన్రు.
కుట్టు మానింది. కాలు రాలే.

మునుగోడు సంతల ఎవరో అన్నరంట,
"మీ పిల్ల చేసేది నరాలు అతికే మందట గద" అని.
అన్నం ముందు పెట్టుకోని,
నా మొఖం చూడకుండ, ఉల్లిగడ్డ కొరుక్కుంట అడిగిండు:
"ఒక్క చుక్క. ఎవరడుగుతరు బిడ్డా?"

ఎవరూ అడగరు. నా భయమే అది.
ఫ్రీజరు తాళంచెవి నా మెడలనే ఉంటది.

పై గదిల ముప్పై రెండు ఎలుకలు.
అన్నిటికి కుడి మడమ కోసి కుట్టినం.
సగానికి మా మందు, సగానికి ఉప్పునీళ్లు.
దేనికేదో నాకు తెల్వది,
సూదిచ్చే తహసీన్‌కు తెల్వది.
తెల్వకుండ ఉండుడు పనిల భాగం.
అయినా కండ్లు ఊకుంటయా?
పదిహేడోది నాలుగో రోజుకే కాలు మోపింది.
పదో రోజు పంజరం ఊచలు పట్టుకోని
పైకి ఎక్కింది, అచ్చం
ఎవరి లెక్కనో నోటుబుక్కుల రాయలే.
"దీనికి పడ్డది మందే, పందెం" అన్నది తహసీన్.
ఆ రాత్రి బస్సుల తాళంచెవిని
పిడికిట్ల పట్టుకోని కూసున్న,
చిట్యాల దాకా.

పద్నాలుగో రోజు అన్నిటిని నిద్రపుచ్చినం.
మేం వాడే మాట అది.
మైక్రోస్కోపు కింద పదిహేడో నరం:
దువ్విన జుట్టు లెక్క పోగులన్ని ఒక్క దిక్కుకే.
కొన్నిటివి చిక్కుపడ్డ కొబ్బరిపీచు.

శుక్రవారం కవరు తెరిచిన్రు.
పదిహేడు, ఉప్పునీళ్లు.

తహసీన్ గట్టిగ నవ్వింది, తర్వాత నవ్వలే.
సగటు తీస్తే మందు పడ్డయి కొంచెం మేలే.
ఆ కొంచెం నిజమా కాదా తేలాలంటే
ఇంకో అరవై ఎలుకలు కావాలన్నడు సారు.

ఇంటికి పోయి ఉన్నదున్నట్టు చెప్పిన.
నాయిన ఎక్కని మోకుకు నూనె రాస్తుండె.
"ఆ ఎలుక మంచిగున్నదా ఇప్పుడు?"
లేదని చెప్పిన.
"నడిచినంక చంపిన్రా" అన్నడు,
నన్ను కాదు, మోకును చూసుకుంట.
ప్రొటోకాల్ అనే మాటకు
నా నోట్లె తెలుగు దొరకలే.

కొంతసేపటికి తనే,
"ఉప్పు మనింట్లనే ఉన్నది గద" అని
కుడికాలు పీట మీద పెట్టిండు.
గోరువెచ్చని నీళ్లు తెచ్చిన.
కుట్టు మీద బొటనవేలుతో తడుముతుంటే
లోపల ఎక్కడనో గట్టిగ, చిన్న ముడి.
పోయిన వారం ఉండెనా ఇది?
రాసిపెట్టుకోలే.